ఆటకూ, డబ్బుకూ ఒకే తాళంచెవా?

ఇంటికి, పశువుల కొట్టానికి, ధాన్యం గదికి ఒకే తాళంచెవి పెట్టుకొనే రైతు ఉండడు. కొట్టం దగ్గర చెవి పోతే ధాన్యమూ పోతుందని అతనికి తెలుసు. కాని సెల్‌ఫోనులో మనలో చాలామంది చేస్తున్నది సరిగ్గా అదే. పిల్లవాడు ఆడే ఆటకూ, ఈ-మెయిలుకూ, డబ్బు లావాదేవీలకూ ఒకటే పాస్‌వర్డు!

ఆటే కదా, అందులో దొంగలకు ఏం పని అనుకోరాదు. జపాన్‌కు చెందిన సోనీ కంపెనీ ‘ప్లేస్టేషన్’ ఆటలు ఆడేవారిని ఇంటర్‌నెట్ ద్వారా కలుపుతుంది. 2011 ఏప్రిల్ 17, 19 తేదీల మధ్య దొంగలు ఆ కంప్యూటర్లలో చొరబడ్డారు. 7 కోట్ల 70 లక్షల ఖాతాల వివరాలు వారి కంటపడ్డాయి. పేర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు, ఈ-మెయిళ్ళు, పాస్‌వర్డులు అందులో ఉన్నాయి. 20వ తేదీన కంపెనీ సర్వీసును నిలిపివేసింది. వివరాలు పోయిన సంగతి ఆటగాళ్ళకు చెప్పింది మాత్రం 26వ తేదీన. ఆట మూడు వారాలకు పైగా మూతపడింది. మే 1న టోక్యోలో కంపెనీ పెద్దలు విలేఖరుల ముందు తలవంచి క్షమాపణ చెప్పుకున్నారు.

గోడ పగలలేదు, తలుపే తెరుచుకుంది

కథ అంతటితో ముగియలేదు. అదే ఏడాది అక్టోబరులో సుమారు 93 వేల సోనీ ఖాతాల్లోకి మళ్ళీ దొంగలు ప్రవేశించారు. ఈసారి కన్నం వేయలేదు. వేరేచోట్ల పోయిన పేర్లు, పాస్‌వర్డుల జాబితాలు తెచ్చి ఇక్కడ పెట్టి చూశారు. రెండుచోట్లా ఒకే పాస్‌వర్డు పెట్టుకున్నవారి తలుపులు తెరుచుకున్నాయి. కంపెనీ ఆ ఖాతాలకు తాళం వేసి, పాస్‌వర్డు మార్చుకోమని కోరింది.

చేయవలసిన పనులు

పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకొని ఈ పనులు చేయించుకోవాలి. ఆటకు ఒక పాస్‌వర్డు, ఈ-మెయిలుకు మరొకటి, బ్యాంకుకు ఇంకొకటి ఉండాలి. ఈ-మెయిలుది అన్నిటికంటె గట్టిగా ఉండాలి. పాస్‌వర్డు మరిచిపోయామంటే కొత్తది పెట్టుకొనే దారి చాలావరకు అక్కడికే వస్తుంది. అన్నీ గుర్తుండకపోతే నోటుపుస్తకంలో రాసి బీరువాలో దాచుకోవచ్చు. దూరాన కూర్చున్న దొంగ బీరువా తెరవలేడు.

పాస్‌వర్డుతో పాటు ఫోనుకు వచ్చే అంకెలు కూడా అడిగే ఏర్పాటు ఉంటే పెట్టుకోవాలి. సోనీ ఆ ఏర్పాటును 2016లో తెచ్చింది. ఆ అంకెలు ఎవరు అడిగినా చెప్పరాదు. ఆటలో నాణేలు, తుపాకులు ఉచితంగా ఇస్తామని వచ్చే లింకులు నొక్కరాదు.

ఖాతాలో డబ్బు పోయిందని తెలిస్తే పరువు పోతుందని దాచుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు నిలిచే అవకాశం అంత ఎక్కువ.