మైనరు చేతికి బండి తాళము: పెద్దలు ఎరుగవలసిన చట్టము

కంబదూరువంటి మెట్ట మండలములలో నేడు మోటారు సైకిలు విలాస వస్తువు కాదు. కల్యాణదుర్గమున ఆసుపత్రికి పోవలెనన్నను, సరిహద్దు దాటి పావగడలో బంధువులను చూడవలెనన్నను బండియే ఆధారము. వానలు లేక తండ్రి బెంగుళూరునకు కూలికి పోయిన ఇంట బండి తాళము పదునారేండ్ల కొడుకు చేతిలో నుండుట మన మెరుగని సంగతి కాదు. పగలు పాల క్యానుతో పోవు ఆ పిల్లవాడే జాతరనాటి రాత్రి స్నేహితులతో కూడి త్రాగి అదే బండి నెక్కినచో చట్టమేమి చేయునో పంచాయతీ సభ్యులకు వివరింపదలచితిమి.

ముందుగా వయస్సు సంగతి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి 18 సంవత్సరములు నిండనివారు బహిరంగ స్థలమున మోటారు వాహనము నడుపరాదు. 16 నిండినవారు లైసెన్సు పొంది 50 సీసీకి మించని బండిని నడుపవచ్చునను మినహాయింపు కలదు గాని, మన పల్లెలలో తిరుగునవి సాధారణముగా 100 సీసీ బండ్లో, అంతకు పెద్దవో యగుటచే అది మనకు అక్కరకు రాదు. ట్రాక్టరును రోడ్డెక్కించుటకును 18 నిండవలసినదే.

ఇక త్రాగి నడుపుట. నూరు మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారము కనబడినచో మొదటి తప్పునకు ఆరు మాసములవరకు ఖైదు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండును. మరల పట్టుబడినచో రెండేండ్లవరకు ఖైదు, లేదా 15,000 రూపాయలు, లేదా రెండును. నడిపినవాడు మైనరైనచో జరిమానా తప్పదు. ఖైదును మాత్రము బాలల న్యాయ చట్టము ననుసరించి మార్పవచ్చును. పోలీసులు వానిని లాకప్పులో ఉంచరాదు. 24 గంటలలోగా బాలల న్యాయ మండలి యెదుట హాజరు పరుపవలెను. మండలి మందలించి విడువవచ్చును, సమాజసేవ చేయింపవచ్చును, మూడేండ్లకు మించకుండ ప్రత్యేక గృహమునకును పంపవచ్చును.

పిల్లవానికి ఇంత వెసులుబాటున్నది గదా యని తండ్రి నిశ్చింతగా నుండుటకు వీలులేదు. 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చిన 199ఏ సెక్షను బరువంతయు పెద్దలపైననే మోపినది. మైనరు వాహనముతో నేరము చేసినచో వాని సంరక్షకుడో, బండి యజమానియో దోషియగును. శిక్ష మూడేండ్లవరకు ఖైదు, దానితోపాటు 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఒక సంవత్సరము రద్దగును. పిల్లవానికి 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు రాదు. డ్రైవరు పనితో బ్రదుకదలచిన యువకునికి ఇది చిన్న నష్టము కాదు. “నాకు తెలియకుండ తాళము తీసికొని పోయినాడు” అనిన చాలదు. పెద్దల సమ్మతితోనే నడిపినాడని కోర్టు ముందుగా భావించును. కాదని ఋజువు చేయు భారము తండ్రిదే. అడిగినాడు గదా యని పొరుగు పిల్లవానికి బండి యిచ్చిన యజమానికిని ఇది వర్తించును.

మద్యము పోసినవారి మాట వేరు. మన రాష్ట్రమున 21 నిండనివారికి మద్యము అమ్మరాదు. అంతేగాక 18 నిండని బాలునికి వైద్యుని ఆజ్ఞ లేకుండ మత్తు పానీయ మిచ్చిన యెవరికైనను ఏడేండ్లవరకు కఠిన కారాగారము, లక్ష రూపాయలవరకు జరిమానా విధింపవచ్చునని బాలల న్యాయ చట్టము చెప్పుచున్నది. బెల్టు షాపువానికే కాదు, ముచ్చటపడి ఒక గ్లాసు పోసిన మేనమామకును ఇది తగులును. 2024 మే 19న పూనాలో పదునేడేండ్ల బాలుడు నడిపిన కారు తగిలి ఇద్దరు యువ ఇంజనీర్లు మరణించినప్పుడు, బాలుని తండ్రితోపాటు మద్యము పోసిన బార్లవారును అరెస్టయిరి.

ఖైదుకన్న పల్లె కుటుంబమును కుంగదీయునది నష్టపరిహారము. లైసెన్సు లేనివాడు నడిపినను, త్రాగి నడిపినను బీమా కంపెనీ బాధితునికి సొమ్ము చెల్లించి, తరువాత దానిని యజమానివద్ద రాబట్టుకొనుటకు కోర్టు అనుమతి నీయవచ్చును. మైనరు నడిపిన మోటారు సైకిలు విషయమున 2011లో సుప్రీము కోర్టు ఇట్లే తీర్పు చెప్పినది. వేరుశనగ పండినను పండకున్నను ఆ బాకీ నిలిచియే యుండును.

కావుననే ప్రమాదము జరిగిన రాత్రి పదిమంది రచ్చబండ చేరి “పిల్లవాని భవిష్యత్తు చెడును, రాజీ చేయుద”మనుట ఆచారమైనది. వారి సదుద్దేశమును మేము శంకింపము. కాని మరణము సంభవించినచో అది పంచాయితీలో తీరు తగవు కాదు. అజాగ్రత్తవలన కలిగిన మరణమునకు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను క్రింద ఐదేండ్లవరకు శిక్ష కలదు. దానికి రాజీ లేదు. గ్రామమున ఆకస్మిక, అసహజ మరణము జరిగినచో వెంటనే పోలీసు స్టేషనుకో, మేజిస్ట్రేటుకో తెలుపవలసిన బాధ్యతను భారతీయ నాగరిక సురక్షా సంహిత 34వ సెక్షను పంచాయతీ సభ్యులపై పేరుపెట్టి యుంచినది. కబురు దాచిన సభ్యుడు తానే చట్టమునకు చిక్కును. కేసు నమోదు కానిచో చనిపోయినవాని భార్యాబిడ్డలకు బీమా సొమ్ము రాబట్టుటయు మిక్కిలి కష్టమగును.

ఒక హెచ్చరిక కూడ. కేసులో చిక్కిన బాలుని పేరుగాని, ఫోటోగాని వాట్సాపులో పంపుటయు నేరమే. దానికి ఆరు మాసములవరకు ఖైదో, రెండు లక్షలవరకు జరిమానాయో, రెండునో పడవచ్చును. జాతరకు ముందు జరుగు గ్రామసభలో పై విషయములను చదివి వినిపింపవచ్చును. తాళము ఇంటిలో ఎవరివద్ద నుండవలెనో తల్లులతో కూడ మాటాడుట మంచిది, తండ్రులు వలస పోయిన ఇండ్లలో ఆ తాళము వారి కొంగుననే యుండును గనుక.