గూని తుపాకి ఖరీదెంత?

అమెరికాలో పాత సామాను సంతలకు వెళ్ళినవారికి ఒక తుపాకి తప్పక కంటబడుతుంది. దాని వెనకభాగం వీపున గూని లేచినట్టు ఎత్తుగా ఉండి, నిట్టనిలువుగా కోసేసినట్టు దిగుతుంది. అక్కడివాళ్ళు దాన్ని ముద్దుగా ‘గూనివీపు’ అంటారు. అసలు పేరు బ్రౌనింగ్ ఆటో-5. ఒకే గుండు బదులు రవ్వల్లాంటి గుళ్ళను చిమ్మే షాట్‌గన్‌లలో, మీట నొక్కగానే పేలి, ఖాళీ డొప్పను తనే బయటికి విసిరి, రెండో తూటాను తనే ఎక్కించుకునే రకం ఇది. ఆ రకంలో జయప్రదమైన మొదటిది కూడా ఇదే. పైగొట్టంలో ఒకటి, కిందిగొట్టంలో నాలుగు, వెరసి అయిదు తూటాలు పడతాయి గనుక ఆ పేరు.

మనకెందుకండీ తుపాకుల గొడవ అంటారేమో. నిజమే. కాని పాత వీణో, పాత గడియారమో కొనేవాడు పడే తంటాలే ఇక్కడా ఉన్నాయి. తేడా ఏమిటంటే, శ్రుతి తప్పిన వీణ చెవులనే బాధిస్తుంది. ఇది తప్పితే భుజం వాస్తుంది, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోతుంది. నేనుండే అయోవా రాష్ట్రంలో ఆకులు రాలే కాలం వచ్చిందంటే ఫెజెంటు పిట్టల వేట మొదలు. తాతలనాటి తుపాకులు అప్పుడే చేతులు మారుతుంటాయి. ఊళ్ళోని తుపాకి మేస్త్రీ దుకాణంలో ఎన్నో సాయంత్రాలు కూర్చుని నేర్చుకున్న నాలుగు ముక్కలే ఇవి.

దీన్ని కనిపెట్టిన జాన్ మోజెస్ బ్రౌనింగ్ 1855లో యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో పుట్టాడు. దీనికి 1900లో పేటెంటు వచ్చింది. అంతకుముందు తన తుపాకులెన్నో కొంటూ వచ్చిన వించెస్టర్ కంపెనీని ఈసారి ఏకమొత్తం కాకుండా తుపాకికి ఇంతని వాటా అడిగాడు. వాళ్ళు కాదన్నారు. రెమింగ్టన్ కంపెనీకి వెళితే, 1902 జనవరిలో, ఆయన బయటిగదిలో కూర్చుని ఉండగానే అధ్యక్షుడు మార్సెలస్ హార్ట్‌లీ గుండె ఆగి చనిపోయాడట. బ్రౌనింగ్ ఓడెక్కి బెల్జియం వెళ్ళి ఎఫ్.ఎన్. కంపెనీతో ఒడంబడిక చేసుకున్నాడు. చివరికి 1926లో ఆయన కన్నుమూసింది కూడా అక్కడి లియేజ్‌లోని ఆ కంపెనీలోనే.

వించెస్టర్‌వారి అవస్థ వినదగ్గది. ఆ పేటెంటు కాగితాలను పకడ్బందీగా రాయించడంలో వాళ్ళ వకీళ్ళ చెయ్యే ఉంది. తీరా తామే అలాంటి తుపాకి చెయ్యబోతే అవే కాగితాలు అడ్డం వచ్చాయి. బోల్టును వెనక్కి లాగే పిడి కూడా పెట్టరాదు. అంచేత గొట్టాన్నే చేత్తో పట్టుకు వెనక్కి తోసే ఏర్పాటుతో 1911 మోడలు తెచ్చారు. మొండికేసిన తుపాకిని నేల మీద ఆనించి, గొట్టం తమ ముఖంవైపే ఉండగా నొక్కినవాళ్ళు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దానికి ‘వితంతువులను చేసేది’ అని పేరు పడిపోయింది. సంతలో అది చవగ్గా దొరుకుతుంది. గోడకు తగిలించుకునేందుకయితే కొనండి, అంతే.

ఇక ఆటో-5 సంగతి. ఇరవై లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి “అరుదైనది” అనేవాడి మాట నమ్మనక్కరలేదు. ఖరీదు నిర్ణయించేది దాని పుట్టిల్లు, దాని ఆరోగ్యం. బెల్జియంలో 1970ల నడిమిదాకా తయారైంది. ఆ తరువాత 1990ల చివరిదాకా జపానులోని మిరోకు కంపెనీ చేసింది. 1940లో జర్మన్లు బెల్జియంను ఆక్రమించినప్పుడు రెమింగ్టన్‌వారే అమెరికాలో బ్రౌనింగ్ పేరుతో కొన్ని చేసిపెట్టారు. రెమింగ్టన్ తన పేరుతో 1905 నుంచి చేసిన మోడల్ 11 కూడా దాదాపు ఇదే యంత్రం, కాని పేరు వేరు గనుక సగం ధర పలకడమూ కష్టమే. పనికి కావాలంటే అదే కొనమంటాను నేను. జపానువాటికి బెల్జియంవాటంత గిరాకీ లేకపోయినా పనితనంలో లోటు లేదు. 2012లో అదే గూనితో, ఇంచుమించు అదే పేరుతో వచ్చిన కొత్త తుపాకి లోపలి యంత్రమే వేరు, దానితో పోలిక వద్దు.

చేతికి ఇవ్వగానే మొదట చెయ్యవలసింది బోల్టు వెనక్కి లాగి, తూటాగదిలోకీ కిందిగొట్టంలోకీ చూడడం. చూపు చాలదు, వేలుపెట్టి తడమాలి. “ఖాళీయేనండీ” అన్న అమ్మకందారు హామీని మర్యాదగా విని, తరువాత తడమండి.

ఆ పైన చెక్క. మీట నొక్కినప్పుడు ఈ తుపాకిలో గొట్టమూ బోల్టూ ఒకదానికొకటి బిగిసి, తూటా పొడుగుకన్న ఎక్కువ దూరం వెనక్కి పోతాయి. తరువాత గొట్టం ముందుకు వస్తే డొప్ప ఊడిపడుతుంది, దాని వెనక బోల్టు కొత్త తూటాతో వస్తుంది. ఇంత పరుగును అదుపులో పెట్టేది కిందిగొట్టం చుట్టూ ఉండే ఒక స్ప్రింగు, ఒక కంచు కళ్ళెం, ఒక ఉక్కు రింగు. బలమైన తూటాలకు ఆ రింగు స్ప్రింగుకూ కళ్ళేనికీ మధ్య ఉండాలి. తేలికవాటికి స్ప్రింగు వెనక, తుపాకి ఒంటికి ఆనించి ఉండాలి. తేలిక వరుసలో ఉంచి బలమైనవి పేలిస్తే ప్రతి దెబ్బా ఒంటికి సుత్తిపోటే. దాని ఫలితం ముందుచెక్కలో వెంట్రుకవాసి బీటగా కనబడుతుంది. అంచేత కొనేముందు ముందుమూత విప్పించి, చెక్క జార్చి, వెలుగులో లోపలివైపు చూడాలి. విప్పడానికి వెనుకాడే అమ్మకందారుకు నమస్కారం పెట్టి వచ్చెయ్యడమే.

పైన పటారం లోన లొటారం అన్నట్టు, కొత్తగా నీలిరంగు పట్టించినవి కళ్ళు చెదరగొడతాయి. పాలిష్ చక్రం అక్షరాల అంచులను మింగేసి ఉంటుంది, మరమేకుల చుట్టూ గుంటలు పళ్ళేల్లా ఉంటాయి. నిజాయితీగా అరిగిన పాత రంగే ఎక్కువ ధర పలుకుతుంది. గొట్టం కొస కోశారేమో చూడాలి. గుళ్ళను గుంపుగా ఉంచే చోక్ అనే ఇరుకు ఆ కొసలోనే ఉంటుంది. ఒక నక్షత్రం గుర్తు ఉంటే పూర్తి ఇరుకు, రెండయితే మధ్యరకం. పన్నెండు బోరు పూర్తి చోక్‌లోకి అమెరికా డైమ్ నాణెం దూరకూడదు. దూరిందంటే ఎవరో రంపం పెట్టారని అనుమానించండి. ఇది మోటు పరీక్షే సుమా.

పదహారు బోరు కొనేవారికి ఇంకొక చిక్కు. యుద్ధానికి ముందువాటిలో తూటాగది 2 9/16 అంగుళాలు, ఇప్పటి తూటాలు 2¾. పొట్టిగదిలో పొడుగు తూటా పేల్చడం ప్రమాదం. గొట్టం మీద 2¾ అని చెక్కి ఉందో లేదో చదువుకోవాలి.

ఆ అంకె దగ్గరే మొన్న ఒక పేచీ వచ్చింది. మా వీధి చివర ఉండే ఒక ముసలావిడ, పోయిన భర్త తుపాకిని అమ్మదలచింది. సంతలో ఒక వర్తకుడు, యుద్ధానికి ముందుది, పొట్టిగది అంటూ 300 డాలర్లు ఇస్తానన్నాడు. మా తెలుగు మిత్రుడొకరు 400 ఇద్దామని నన్ను వెంటబెట్టుకు వెళ్ళాడు. పెట్టె తెరిస్తే బంగారుపూత మీటతో, బెల్జియంలో చేసిన ‘స్వీట్ సిక్స్‌టీన్’! గొట్టం మీద 2¾ స్పష్టంగా ఉంది. లియేజ్ పరీక్షాశాల ముద్రలు కొత్తవాటిలా ఉన్నాయి. ముందుచెక్కలో చిటికెన వేలంత బీట తప్ప లోపం లేదు.

“అన్నయ్యా, ముఖం అలా వెలిగించకండి, ఆవిడ పసిగడుతుంది,” అన్నాడు మావాడు తెలుగులో.

“బీటకు తగ్గించినా 1,000కి తక్కువ చెయ్యదురా ఇది,” అన్నాను.

“ఆ మాట ఆవిడకు చెబుతారా ఏమిటి?”

చెప్పాను, ఇంగ్లీషులో. ఆవిడ కాసేపు తుపాకి వంక చూసి, “ఆ వర్తకుడు ఆయనకు ఇరవై ఏళ్ళ స్నేహితుడు,” అని మాత్రం అంది. మావాడు వీధిలోకి వచ్చి నాతో పది నిమిషాలు మాట్లాడలేదు. తరువాత తనే లోపలికి వెళ్ళి 950కి ఖాయం చేసుకు వచ్చాడు. ఒకే రాష్ట్రంలోనివాళ్ళే అయినా లైసెన్సున్న దుకాణం ద్వారానే బదిలీ చేయించుకోమన్నాను. అక్కడ కాగితం నింపి, పోలీసు రికార్డుల తనిఖీ అయ్యాకే తుపాకి చేతికిచ్చారు.

చెక్క బీటకు జిగురు పట్టించి, స్ప్రింగు కొత్తది వేయించాడు. రింగులు ఏ తూటాకు ఏ వరుసలో ఉండాలో ఆవిడ భర్త పెన్సిలుతో బొమ్మవేసి రాసుకున్న చీటీ ఆ పెట్టె అడుగున దొరికింది. మావాడు దాన్ని తుపాకి బీరువా తలుపు లోపల అంటించుకున్నాడు.