పెరట్లో నా కంచం

నా పెళ్ళికి అమ్మ సారెలో పెట్టిన స్టీలు కంచం అది. అంచు మీద నా పేరు చెక్కించి ఉంటుంది. 2019 ఫిబ్రవరి నుంచి ఆ కంచం మా వంటింట్లో లేదు. పెరట్లో కుళాయి గట్టు మీద ఉండేది. పక్కనే నా గ్లాసు, నా చెంబు. ఎవరో పెట్టమన్నారని కాదు. టి.బి. అని తెలిసిన రోజు నేనే తీసుకెళ్ళి అక్కడ పెట్టుకున్నాను.

సంక్రాంతికి ముందు పట్టుకున్న దగ్గు అది. మంచుకి వచ్చిందిలే అనుకున్నాను. రెండు సీసాల దగ్గుమందు అయిపోయింది. ఒక ప్రైవేటు డాక్టరుగారు ఎలర్జీ అన్నారు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. జాకెట్లన్నీ వదులైపోయాయి. చివరికి ప్రభుత్వాసుపత్రిలో తెమడ పరీక్ష చేసి టి.బి. అని తేల్చారు. నాకు ముందు గుర్తొచ్చింది నా ప్రాణం కాదు. నాలుగేళ్ళ మా పాప. రోజూ నా పక్కలోనే పడుకుంటుంది కదా!

పాపకి కూడా పరీక్షలు చేశారు. జబ్బు లేదన్నారు కానీ రాకుండా ఉండేందుకు ఆర్నెల్లు మాత్రలు వేయమన్నారు. ఆ మాత్ర పొడిచేసి తేనెలో కలిపి మా అత్తయ్యగారు పెడుతుంటే నేను గది గుమ్మంలోంచి చూసేదాన్ని. నా వల్లే కదా పసిదానికి ఈ చేదు అనిపించి ఏడుపొచ్చేది.

నిమ్ము అని చెప్పాం

ఆ రోజుల్లో మా ఆడపడుచుకి సంబంధాలు చూస్తున్నారు. "వదినకి టి.బి. అని తెలిస్తే ఇంటి గడప ఎవరు తొక్కుతారమ్మా? అడిగితే నిమ్ము చేసిందని చెబుదాం" అన్నారు అత్తయ్యగారు. కాదనడానికి నాకు నోరు రాలేదు. మందుల కవరు బియ్యం డబ్బా వెనక దాచాం. పెళ్ళివారు వచ్చిన రోజు నన్ను వెనక గదిలో ఉండమన్నారు. దగ్గు వినబడకూడదని పమిట చెంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. ఆ అరగంటని నేనింకా మర్చిపోలేదు. జబ్బు చేసినందుకు కాదు, ఏదో తప్పు చేసినందుకు దాక్కున్నట్టనిపించింది.

మందుల సంగతి చెప్పాలంటే మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. కడుపులో తిప్పేది. మూత్రం నారింజ రంగులో వస్తే రక్తమేమోనని హడలిపోయాను. "మాత్ర రంగేలే అక్కా, భయపడకు" అని నవ్వింది మా వీధికొచ్చే ఆశా అమ్మాయి. ఇంట్లో ఎవరితోనూ అనలేని మాటలన్నీ ఆ పిల్లతోనే చెప్పుకునేదాన్ని. వచ్చినప్పుడల్లా నా మంచం మీదే కూర్చునేది. దానికే నాకు సగం నయమైనట్టుండేది.

నెల దాటాక ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. ఈ జబ్బు దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాలిలోకి వచ్చే తుంపరలతోనే అంటుతుందట. కంచాలతో, గ్లాసులతో, బట్టలతో రాదట. మందులు జబ్బు మీద సరిగ్గా పనిచేస్తుంటే కొద్దివారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుందట. ఇంటికొచ్చి అందరికీ చెప్పాను. ఎవరూ కాదనలేదు. కంచం మాత్రం అక్కడే ఉంది. నేనూ లోపలికి తేలేదు.

బొమ్మకి దగ్గు

ఒకరోజు పాప తన బొమ్మని గోడవారగా పెట్టి, మూతికి చేతిరుమాలు కట్టి, సీసా మూతలో అన్నం పెట్టి దూరంగా జరుపుతోంది. ఏమిటే అంటే "బొమ్మకి దగ్గమ్మా. దగ్గరికెళ్ళకూడదు" అంది. ఆగస్టులో నా కోర్సు పూర్తయింది. తెమడలో క్రిములు లేవని కాగితం చేతికిచ్చారు. ఆ రాత్రి పాపని రమ్మని చేతులు చాపితే గుమ్మంలోనే ఆగి "దగ్గు పోయిందా అమ్మా?" అని అడిగింది. పోయిందన్నాను. అయినా వాళ్ళ నాన్న వంక చూసింది. ఆయన తలూపాకే వచ్చింది.

ఒకప్పుడు టి.బి. అంటే మదనపల్లె ఆరోగ్యవరం లాంటి శానిటోరియానికి పంపడమే. ఇంట్లో ఉంచితే అందరికీ అంటుతుందని భయం. అది నిజమా కాదా అని మద్రాసులో 1956లో మొదలెట్టి పరిశీలించారు. కొందరు రోగుల్ని శానిటోరియంలో పెట్టి, మరికొందరికి ఇరుకు ఇళ్ళల్లోనే ఉంచి, ఏడాదిపాటు మందులిచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్ళకీ దాదాపు అంతే బాగా నయమైంది. వాళ్ళ కుటుంబాల్లో జబ్బు ఎక్కువగా అంటిందీ లేదు. 1959లోనే ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది. మా పెరటి గట్టు దాకా రావడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

2021 మే నెలలో అత్తయ్యగారికి కరోనా వచ్చింది. ఈసారి వెనక గదిలో ఆవిడ, గుమ్మంలో కంచం పెట్టేది నేను. మూడో రోజు అన్నం ముట్టుకోలేదు. ఎందుకు తినలేదండీ అని బయటి నుంచే అడిగాను. "మూడ్రోజులకే నాకు ముద్ద దిగట్లేదే. నువ్వన్నాళ్ళు ఎలా తిన్నావే?" అన్నారు. అప్పుడు చెప్పారు. ఆవిడ చెల్లెలు పందొమ్మిదేళ్ళకే టి.బి.తో పోయిందట. ఆ పిల్ల కంచం పాడుబడ్డ బావిలో పారేశారట. "నాకు నీ మీద కోపం లేదమ్మా, భయం" అన్నారు. ఆ మాట రెండేళ్ళ ముందే అని ఉంటే, నాకా భయం అర్థమయ్యేది. నన్ను చూసి అసహ్యించుకుంటున్నారని కుమిలిపోయేదాన్ని కాదు.

ఆవిడ లేచి తిరిగాక ఒకరోజు చూస్తే గట్టు మీద నా కంచం లేదు. వంటింట్లో స్టాండులో అందరి కంచాలతో పాటు ఉంది. ఎవరు పెట్టారని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. ఆర్నెల్లలో పోయిన జబ్బుకి రెండేళ్ళు పైగా బయటున్న కంచం అది.

మీ ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు మించి దగ్గుంటే తెమడ పరీక్ష చేయించండి. ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష, మందులు ఉచితం. తిండి కోసం అప్పట్లో నెలకి 500 రూపాయలు నా ఖాతాలో వేసేవారు. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, కిటికీలు తెరిచి ఉంచాలి, బాగుందని మందులు మధ్యలో మానకూడదు. పిల్లల్ని ఎప్పుడు దగ్గరికి తీసుకోవచ్చో మొహమాటపడకుండా డాక్టరునే అడగండి. ఆ జవాబు మీరొక్కరే విని రాకండి. ఇంట్లో పెద్దవాళ్ళని కూడా వెంట తీసుకెళ్ళండి. నేను ఒక్కదాన్నే వెళ్ళి విన్నాను. నేను చేసిన పొరపాటు అదే.