ఓడించిన పట్టే పాఠమైంది

మన గోదాలో వెల్లకిలా పడినవాడు ఓడినట్టే. బ్రెజిల్ దేశపు కుస్తీ విద్య జియు జిట్సులో అసలు పోరు అక్కడే మొదలు. కింద పడ్డవాడు కాళ్లతో ఎదుటివాని నడుము బిగించి పట్టు కోసం చూస్తాడు.

1951లో రియో నగరంలోని మరకానా స్టేడియంలో జపాన్ జూడో వీరుడు కిమురా, ఈ విద్యకు పేరు తెచ్చిన ఎలియో గ్రేసీ చేతిని వెనక్కు మెలిపెట్టారు. ఎలియో లొంగలేదు. అన్న కార్లోస్ పోటీ ఆపించారు.

ఆ పట్టుకు గెలిచినవాని పేరే నిలిచింది. నేటికీ శిక్షణలో జోడీలు కట్టి ‘కిమురా’ను పదేపదే సాధన చేస్తారు, విడిపించుకోవడమూ నేర్చుకుంటారు. చేత్తో తడితే ఎదుటివాడు వెంటనే వదలాలి. తట్టడం సిగ్గు కాదు. మొండికేస్తే కీలు దెబ్బతిని సాధనే ఆగిపోతుంది. ఈ రోజు తట్టినవాడే రేపు మళ్లీ గోదాలో దిగగలడు.