ధాన్యాన్ని కొలిచే కాంతి రక్తంలోని చక్కెరను కొలవగలదా?

మొవ్వ పరిసరాలలో వరి పండించే ఇంట మధుమేహం ప్రవేశించినపుడు మొదట తలెత్తే ప్రశ్న మందు గురించి కాదు, అన్నం గురించి. తెలంగాణ సోనగా పేరుపడిన ఆర్.ఎన్.ఆర్. 15048 వంటి రకాలకు గ్లైసీమిక్ సూచిక 51 చుట్టూ ఉన్నదని చెబుతారు. ఈ సూచికను కొద్దిమంది ఆరోగ్యవంతులకు కొలిచిన అన్నం పెట్టి, రెండు గంటలపాటు వారి వేలి నుంచి పలుమార్లు రక్తం తీసి లెక్కకడతారు. అది సగటు మాత్రమే. ఒక రోగి శరీరంలో అదే అన్నం ఏ మేరకు చక్కెర పెంచుతుందో తెలియాలంటే విడవకుండా కొలిచే సాధనం కావాలి. సూది లేకుండా, కాంతితోనే ఆ పని చేయాలన్న ప్రయత్నం అనేక దశాబ్దాలుగా సాగుతున్నది.

ఈ పత్రిక పాఠకులకు ఆ కాంతి కొత్తది కాదు. ధాన్యంలో తేమను, మాంసకృత్తులను క్షణాలలో చెప్పే సమీప పరారుణ యంత్రాలు మన ప్రయోగశాలలలో ఉన్నాయి. అమెరికా వ్యవసాయ శాఖలో కార్ల్ నోరిస్ చేసిన కృషి వీటికి మూలం. అయితే ధాన్యంలో తేమ నూటికి 14 పాళ్లు, బియ్యంలో మాంసకృత్తులు నూటికి 7 పాళ్లు. రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు, అంటే వెయ్యి పాళ్లకు ఒక్క పాలు. దాని చుట్టూ ఉన్నదంతా నీరే. ఆ నీరు అదే కాంతిని అంతకంటె బలంగా పీల్చుకొంటుంది. చర్మపు మందం, రంగు, చెమట, ఎండవేడి కూడా కొలతను చెదరగొడతాయి. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

రామన్ పరిక్షేపణ మార్గం కొంత మేలు. ప్రతి అణువూ కాంతిని తనదైన గుర్తుతో వెదజల్లుతుంది. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ బృందం 2020లో సజీవమైన పందుల చర్మం నుంచి గ్లూకోజు గుర్తును నేరుగా చూపగలిగింది. ఆ పరిశోధకులలో దాసరి రామచంద్ర ఒకరు. ఆ సాధనం ఇంకా చేతికి కట్టుకొనేది కాదు.

రోగులకు అందిన కాంతి సాధనం ప్రతిదీప్తిపై ఆధారపడినది. గుడివాడ, బంటుమిల్లి చెరువుల రైతులు నీటిలో ప్రాణవాయువును కొలిచేందుకు వాడే ఆప్టికల్ ప్రోబు కూడా ఈ జాతిదే: ప్రాణవాయువు పెరిగినకొద్దీ అందులోని రంగుపదార్థపు వెలుగు తగ్గుతుంది. గ్లూకోజు సాధనంలో ఇది తలక్రిందులు. చక్కెర అతుక్కొన్నపుడు వెలుగు పెరుగుతుంది. ఆ అతుకు బోరాన్ సమ్మేళనానిది. పైరుకు సూక్ష్మపోషకంగా ఇచ్చే బోరాన్ మొక్క కణకవచంలో చక్కెర గొలుసులను కలిపి పట్టి ఉంచుతుంది. ఇక్కడా అదే గుణం, కాకపోతే పట్టి విడుస్తూ ఉంటుంది. ఎవర్‌సెన్స్ అనే ఈ సాధనాన్ని వైద్యుడు పైచేతి చర్మం క్రింద అమరుస్తాడు. అమెరికాలో 2018లో 90 రోజులకు, 2024లో ఏడాదికి అనుమతి లభించింది. ఐదు నిమిషాలకొకసారి అంకె ఇస్తుంది. సరిచూచుకొనేందుకు అప్పుడప్పుడు వేలి పరీక్ష తప్పదు.

మన మందుల దుకాణాలలో దొరికే, రెండు వారాలు చేతికి అంటించుకొనే బిళ్లలు మాత్రం కాంతితో పనిచేసేవి కావు. వాటిలోని గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైమును ప్రధానంగా ఆస్పర్జిల్లస్ నైగర్ శిలీంధ్రం నుంచి తీస్తారు. వేరుశనగలో మొదలుకుళ్లు తెచ్చేది ఆ శిలీంధ్రమే! ఈ బిళ్లలు రక్తాన్ని కాక కణాల నడుమ ద్రవాన్ని కొలుస్తాయి గనుక అంకె కొన్ని నిమిషాలు వెనుకబడుతుంది.

ఇక చర్మాన్ని గుచ్చకుండానే చక్కెర చెబుతామనే చేతిగడియారాలు, ఉంగరాల సంగతి. అటువంటి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదనీ, వాటిని వాడవద్దనీ అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఇన్సులిన్ తీసుకొనే రైతు తప్పుడు అంకెను నమ్మి మోతాదు పెంచుకొంటే, చక్కెర పడిపోయి ఒంటరిగా పొలం గట్టున స్పృహ తప్పవచ్చు. బిళ్ల సాధనం ఉన్నవారు వైద్యుని సలహాతో ఒకనాడు ఒక రకం, మరునాడు మరొక రకం బియ్యాన్ని అదే తూకంలో, అదే కూరతో, అదే వేళకు తిని, రెండు గంటల రేఖలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు.