ఊపిరిని పట్టిన తెగులు

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున సస్యరోగములను పరిశోధించుచుండిన వాల్టర్ బర్క్‌హోల్డర్, నీరుల్లిని కుళ్లజేయు తెగులునకు మూలమైన సెపేసియా యను బాక్టీరియాను 1950లో వర్ణించెను. ఆరోగ్యవంతులకు సామాన్యముగా నెట్టి హానియు జేయని యీ సెపేసియా, 1980వ దశకమున, సిస్టిక్ ఫైబ్రోసిస్ అను వంశపారంపర్య వ్యాధితో జన్మించిన వారి ఊపిరితిత్తులలో ప్రవేశించి, కొందఱిని కొలది కాలములోనే బలిగొనెను.

వీరినే యేల పట్టినదనగా, దోషము వారి కఫమునందే కలదు. తల్లిదండ్రు లిరువురినుండియు చెడిన జన్యువు సంక్రమించిన శిశువునకు, క్లోరైడును దానివెంట నీటిని కణముల పొరలగుండ నడపు ద్వారము సరిగా పనిచేయదు. అందుచే శ్వాసనాళములలోని కఫము తడియారి, జిగటయై, దానిని నిరంతరము పైకి నెట్టవలసిన సూక్ష్మరోమములకు లొంగక నిలిచిపోవును. ఆ జన్యువును 1989లో గుర్తించిరి.

నిలిచిన కఫమున బాల్యమందు తఱచుగా స్టెఫైలోకోకస్ అను బాక్టీరియా చేరును; పిమ్మట సూడోమోనాస్ అను మఱియొకటి వచ్చును. తడినేలలోను, స్నానపు గదుల తూములలోను నివసించు నీ రెండవది, కొంతకాలము గడచినంతనే ఆల్జినేట్ అను బంకను తనచుట్టును స్రవించి, యాంటీబయాటిక్కులు చొరరాని కోటను గట్టుకొనును. దానిపై దండెత్తి నశించిన తెల్లరక్తకణముల డీఎన్‌ఏయే కఫమును మఱింత చిక్కబఱచుటయు, వాని కిణ్వములే శ్వాసనాళముల గోడలను తినివేయుటయు ఈ వ్యాధియందలి ఘోరము: ఇంటిని కావవచ్చినవారే యింటిని కూల్చుదురు.

కావుననే కోపెన్‌హేగన్ వైద్యులు నెలనెలా కఫమును పరీక్షించి, సూడోమోనాస్ కనబడిన తోడనే, అది వేళ్లూనక పూర్వమే, పీల్చు మందుతో దానిని నిర్మూలింప బూనిరి. సోకినవారిని సోకనివారినుండి వేఱుపఱచిరి. ఈ వేఱుపాటు నా మనస్సును మిక్కిలి కలచును. రోగులొకరినుండి యొకరికి ఈ జీవులు వ్యాపించునని తెలిసినపిదప, పిల్లలు ఏటేట కలిసికొను వేసవి శిబిరములు మూతపడెను. తన బాధ నెఱిగిన తోడి బాలునితో నొక్క గదిలో కూర్చుండుటయు నిషిద్ధమయ్యెను.

చెడిన ద్వారమునే చక్కబఱచు మూడు మందుల మాత్రకు అమెరికాలో 2019లో అనుమతి లభించినది. దానిచే అనేకుల కఫము పలుచబడి ఊపిరి తేలికయైనను, లోతుగా పాతుకొనిన సూక్ష్మజీవి పలువురిని విడువకయే యున్నది.

మన దేశమున ఈ వ్యాధి యరుదని తలంచుటచే, క్షయయనియో ఉబ్బసమనియో భ్రమించి కాలము వృథాచేయుట కలదు. బిడ్డకు మాటిమాటికి న్యుమోనియా వచ్చుచు, విరేచనము జిడ్డుగానుండి, బరువు పెరుగక, ముద్దాడినప్పుడు నుదురు ఉప్పగా తోచినచో, చెమటలోని క్లోరైడును కొలిపింపుడని వైద్యుని తప్పక యడుగుడు.