క్రైస్తవ శిశుశాలలో ఒక దినము

మూడేండ్ల బిడ్డ బడినుండి వచ్చిన వెంటనే తల్లి యడుగు మొదటి ప్రశ్న, "నేడేమి వ్రాసితివి?" అనునది. "ఆడుకొంటిని" అని బిడ్డ చెప్పినచో నామె మొగము చిన్నబోవును. ఆ బడి క్రైస్తవులదైనచో, "బిడ్డకు మన దేవుడు పరాయివాడగునేమో" యను రెండవ శంకయు బయలుదేరును. భూపాలపల్లి బొగ్గుగనుల కాలనీలలో నీ రెండు మాటలును మేము తరచుగా వినుచున్నాము. కావున నట్టి శిశుశాలలో మేము చూచిన దినచర్యను సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ఉదయము పిల్లలు చాపలమీద వలయముగా గూర్చుండి చేతులు జోడింతురు. ప్రార్థన చిన్నది. ఎండకు, వానకు, పాలిచ్చు ఆవుకు, అన్నము వండిన అమ్మకు దేవునికి కృతజ్ఞత చెప్పుటయే. పిమ్మట నభినయముతో నొక పాట. తరువాత కథ. ఆనాడు తప్పిపోయిన గొర్రెకథ చెప్పిరి. సువార్తలో గొర్రెలు నూరు. పంతులమ్మ పిల్లలచేత మట్టితో పదింటినే చేయించెను. లెక్కింపగా తొమ్మిదియే యున్నవి! చాపక్రింద, తలుపుచాటున, బీరువా వెనుక వెదకి వెదకి పదియవదానిని పట్టుకొని యందరును చప్పట్లు చరచిరి. పదిలో నొకటి తగ్గిన తొమ్మిది యను లెక్కయు, తప్పిపోయినవానిని విడువరాదను ధర్మమును ఒక్క యాటలోనే యలవడినవి. మట్టి పిసికిన వ్రేళ్లకు రేపు బలపము పట్టు బలమును వచ్చును.

ఆ పిదప ఇసుక, నీళ్లు, కొలతగిన్నెలు, కొయ్యదిమ్మెలు. ఒకే బండికై యిద్దరు పెనగులాడిరి. పంతులమ్మ కోపింపక, "ఒకరు లాగుడు, ఒకరెక్కుడు, పది లెక్కించి మారుడు" అనెను. తడిగుడ్డమీద చల్లిన ఆవాలు మొలకెత్తినవో లేదో చూచి, చేతులు కడిగికొని, ప్రార్థించి భుజించిరి. తరువాత కొంతసేపు నిద్ర.

ఆటతో భక్తిని గలిపిన యీ పద్ధతికి మూలపురుషుడు జర్మనీదేశస్థుడగు ఫ్రోబెల్. క్రైస్తవ గురువు కుమారుడైన యాతడు 1837లో శిశుశాల స్థాపించి, 1840లో దానికి "పిల్లలతోట" యని యర్థమిచ్చు కిండర్‌గార్టెన్ అను పేరు పెట్టెను. చిత్రమేమనగా, 1851లో ప్రషియా ప్రభుత్వము వానిని నాస్తికత్వము బోధించునవని నిషేధించెను! 1860లోగాని యా నిషేధము తొలగలేదు. ఆటను జూచి శంకించుట మన తల్లులకే పరిమితము గాదు.

మన పెద్దలకును ఇది తెలియనిది గాదు. బిడ్డను ఐదేండ్లవరకు లాలింపవలెనని చాణక్యనీతి చెప్పుచున్నది. వామనగుంటలలో గింజలు పంచు బాలిక గణితమునే యభ్యసించుచున్నది. మూడు మొదలు ఎనిమిదేండ్లవరకు ఆటద్వారా నేర్పవలెనని 2020నాటి జాతీయ విద్యావిధానమును చెప్పుచున్నది.

ఇక మతమును గూర్చి. క్రైస్తవము మన సీమకు క్రొత్తదికాదు. నేటి మహబూబాబాదు జిల్లాలోని డోర్నకల్లున 1912లో అజరయ్యగారు బిషప్పైరి. ఆంగ్లికన్ సంఘమున నాపదవి పొందిన తొలి భారతీయుడాయనయే. అచట 1939లో ప్రతిష్ఠితమైన పెద్దగుడిలో హిందూ దేవాలయముల, మసీదుల శిల్పరీతులు కలిసియున్నవి. తమ విశ్వాసమును ఈ నేల రూపమునకు దెచ్చుకొన్నవారితో మనము నిర్భయముగా మాటాడవచ్చును.

మాటాడుటయే ముఖ్యము. ప్రభుత్వపు గుర్తింపుగాని ధనసహాయముగాని గల విద్యాలయమున, సంరక్షకుల సమ్మతిలేనిదే బాలురను మతబోధలోగాని ప్రార్థనలోగాని పాల్గొనుమని నిర్బంధింపరాదని రాజ్యాంగము 28వ యధికరణము శాసించుచున్నది. కావున చేర్చునపుడే తల్లి యడుగవలెను: ఏ ప్రార్థన చేయింతురు? మాకిష్టము లేనిచో బిడ్డ యా సమయమున నేమిచేయును? మా పండుగలను గూర్చి బిడ్డ చెప్పిన విందురా? సూటిగా నుత్తరమిచ్చు బడిని నమ్మవచ్చును.

గోడమీద శిలువ చిత్రమో సరస్వతి చిత్రమో యుండి, క్రింద మూడేండ్ల పసివాడు బెత్తమునకు జడియుచు అక్షరములు దిద్దుచుండినచో, అది యే మతస్థుల బడియైనను మన బిడ్డకు దగినది కాదు. సోదరీమణులారా, చేర్చుటకు ముందొక పూట యచట గూర్చుండి చూడుడు. పిల్లల నవ్వు వినబడుచున్నదా, పంతులమ్మ నేలమీద వారితో గూర్చుండుచున్నదా యని గమనింపుడు. రుసుముపట్టికకంటె నిదియే ముందు చూడదగినది.